ఇంటి గ్యారేజీ, 4వ పాఠం: ముందు డిస్కులు, ప్యాడ్లు మార్చడం

గత పాఠంలో చక్రం విప్పి ప్యాడ్ల మందం, డిస్క్ మందం కొలిచారు. ప్యాడ్ మీది రాపిడి పొర 3 మిల్లీమీటర్లకు దిగితే ప్యాడ్లు మార్చాలి. డిస్క్ మందం దాని మీద అచ్చువేసిన కనీస కొలతకు చేరితే డిస్కూ మార్చాలి. డిస్క్ కొత్తదైతే ప్యాడ్లు కూడా తప్పకుండా కొత్తవే వేయాలి. పాత ప్యాడ్ మీద పాత డిస్క్ చారలు అచ్చుపడి ఉంటాయి కాబట్టి అది కొత్త డిస్క్‌ను నిండుగా తాకదు.

ఈ పాఠం స్విఫ్ట్, వాగన్ ఆర్, టియాగో వంటి కార్లకు. అంటే ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, ఒకే పిస్టన్ ఉన్న జారే క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కి పట్టే భాగం). వెనక కూడా డిస్కులున్న కార్లలో చాలావాటికి వెనక పిస్టన్‌ను నొక్కకూడదు, తిప్పుతూ లోపలికి పంపాలి. ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ ఉంటే పద్ధతి వేరే. వాటి మీద ఈ పాఠం ప్రయోగించకండి. కారు ఇంకా వారంటీలో ఉంటే ముందు ఆ షరతులు చదువుకోండి.

మొదటిసారి చేస్తున్నవాళ్లు ఒక్కో చక్రానికి రెండు గంటలు కేటాయించండి. అందులో విప్పడం, బిగించడం కలిపి ముప్పావుగంట దాటదు. మిగతా సమయమంతా తుప్పు గీకడానికి, తుడవడానికి. హడావుడి పనిలో ఎగిరిపోయేది సరిగ్గా ఈ భాగమే. కొత్త సామాను వేయించిన కొన్ని నెలలకే పెడల్ వణుకుతోందంటే చాలాసార్లు తప్పు సామానుది కాదు, దాని కింద మిగిలిపోయిన తుప్పుది.

కావలసినవి

రెండు డిస్కులు, నాలుగు ప్యాడ్ల సెట్టు ఒకటి. ఎప్పుడూ రెండు పక్కలా కలిపే మార్చాలి, లేకపోతే బ్రేక్ వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగుతుంది. ప్యాడ్లతో పాటు స్టీలు క్లిప్పులు కూడా వచ్చాయో లేదో దుకాణంలోనే చూసుకోండి. రబ్బరుకు హాని చేయని సిలికాన్ గ్రీజు ఒక చిన్న ట్యూబు, బ్రేక్ క్లీనర్ రెండు డబ్బాలు, వైర్ బ్రష్, 80 నంబరు ఎమరీ కాగితం, పెద్ద సి-క్లాంపు, రబ్బరు సుత్తి, బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్, గట్టి బైండింగ్ తీగ, మెడికల్ షాపులో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజి. కారు నిలబెట్టడానికి జాకీ స్టాండ్లు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు వద్దు. బరువు పడితే అవి చెప్పాపెట్టకుండా పగులుతాయి.

మామూలు చాసిస్ గ్రీజు ఇంట్లో ఉంది కదా అని వాడకండి. అది రబ్బరును ఉబ్బించి, క్యాలిపర్ జారడానికి ఆధారమైన పిన్నులను బిగిస్తుంది.

విప్పడం

చదునైన గట్టి నేల మీద కారు ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లను అరచుట్టు వదులు చేసి, ఆ తర్వాత జాకీ ఎత్తండి. స్టాండు మీద కారు దించి, చేత్తో ఊపి చూశాకే చక్రం తీయండి. ఒక పక్క పూర్తిగా ముగిశాకే రెండో పక్క మొదలుపెట్టాలి. ఏ క్లిప్పు ఎటు ఉందో అనుమానం వస్తే చూసుకోవడానికి విప్పని పక్క నమూనాగా ఉంటుంది.

స్టీరింగ్ తిప్పితే క్యాలిపర్ బయటి వైపుకు వస్తుంది, చెయ్యి ఆడుతుంది. ముందుగా బానెట్ కింద బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూడండి. ప్యాడ్లు అరుగుతున్నకొద్దీ అందులో మట్టం దిగడం సహజం. మధ్యలో ఎవరైనా మళ్లీ నింపి ఉంటే, ఇప్పుడు పిస్టన్ వెనక్కి నొక్కగానే పొర్లుతుంది. సిరంజితో కొంత తీసేయండి. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది. ఒక్క చుక్క పడినా వెంటనే నీళ్లతో కడగాలి.

క్యాలిపర్ వెనక రెండు చిన్న బోల్టులు ఉంటాయి. వాటిని విప్పితే క్యాలిపర్ ఊడి వస్తుంది. దాన్ని బ్రేక్ ఆయిల్ గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో స్ప్రింగుకు కట్టండి. గొట్టం మెలిక పడితే లోపలి పొర చిట్లుతుంది, అది బయటికి కనబడదు. గొట్టం క్యాలిపర్‌కు కలిసే బోల్టును మాత్రం ముట్టుకోవద్దు, లోపలికి గాలి వెళ్తుంది. ఏబీఎస్ సెన్సర్ తీగ మీద లాగుడు పడకూడదు. క్యాలిపర్ విప్పి ఉన్నంతసేపూ ఎవరూ పెడల్ తొక్కకూడదు. తొక్కితే పిస్టన్ బయటికి వచ్చేస్తుంది.

పాత ప్యాడ్లను తీసి వరుసగా నేల మీద పెట్టి చూడండి. లోపలి ప్యాడ్ బయటిదానికంటే బాగా ఎక్కువ అరిగి ఉంటే పిన్నులు జారడం లేదు, లేదా పిస్టన్ వెనక్కి రావడం లేదు. ఒకే ప్యాడ్ పైనుంచి కిందికి ఏటవాలుగా అరిగితే అది క్లిప్పుల గాడిలో ఇరుక్కుంటోంది. ఈ రోగం వదిలించకుండా కొత్తవి వేస్తే అవీ అలాగే పోతాయి.

తర్వాత ప్యాడ్లను మోసే బ్రాకెట్. దాని రెండు బోల్టులు బాగా బిగుసుకుని ఉంటాయి, పొడవాటి పానా పెట్టి విప్పాలి. ఇప్పుడు డిస్క్ చేతిలోకి రావాలి, కానీ హబ్‌కు (డిస్క్, చక్రం బిగిసే తిరిగే భాగానికి) తుప్పుతో అతుక్కుని ఉండటమే మామూలు. మారుతితో సహా చాలా జపాన్ కార్ల డిస్కుల మీద రెండు మర కన్నాలుంటాయి. వాటిలో 8 మిల్లీమీటర్ల బోల్టులు పెట్టి, ఒకటి పావుచుట్టు, ఇంకొకటి పావుచుట్టు చొప్పున మార్చి మార్చి బిగిస్తే డిస్క్ దానంతటదే బయటికి తోసుకొస్తుంది. హ్యుందాయ్ కార్లలో డిస్క్‌ను రెండు ప్లస్ తల స్క్రూలు పట్టి ఉంటాయి. మామూలు స్క్రూడ్రైవర్‌తో వాటి తలలు చెడతాయి, సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తుప్పు వదిలించే స్ప్రేను ముందురోజు రాత్రే హబ్ చుట్టూ కొట్టి ఉంచడం మేలు.

హబ్ ముఖం: ఇక్కడ ఆగండి

డిస్క్ తీశాక కనిపించే గుండ్రటి ముఖం మీదే కొత్త డిస్క్ ఆనుతుంది. దాని మీది తుప్పు పొరను వేలితో తడిమితే గరుకు తెలుస్తుంది. 140 మిల్లీమీటర్ల వెడల్పున్న హబ్‌కు ఒక అంచున 0.1 మిల్లీమీటర్ తుప్పు పెచ్చు మిగిలిందనుకోండి. డిస్క్ ఆ మేరకు ఒరిగి కూర్చుంటుంది. 240 మిల్లీమీటర్ల డిస్క్ చివరికి వచ్చేసరికి ఆ ఒరుగు సుమారు 0.17 అవుతుంది. చాలా కార్లకు అనుమతించే ఊగుడు 0.1 లోపే.

బండి ఎక్కిన మొదటి రోజు ఏమీ తెలియదు. కానీ బ్రేక్ తొక్కకుండా వెళ్తున్నప్పుడు కూడా, ఆ ఒరిగిన చోటు ప్రతి చుట్టుకూ ఒకసారి ప్యాడ్‌ను రాసుకుంటుంది. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత అక్కడ డిస్క్ పలచబడుతుంది. అప్పుడు పెడల్ వణుకు మొదలవుతుంది. దాన్నే "డిస్క్ వంకరపోయింది" అంటారు. నిజానికి ఎక్కువసార్లు వంకర పోయి ఉండదు, మందంలో తేడా వచ్చి ఉంటుంది. లేత్ పట్టించినా, హబ్ శుభ్రం కాకపోతే అదే కథ మళ్లీ మొదలు.

అందుకే వైర్ బ్రష్, తర్వాత ఎమరీ కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దండి. వీల్ నట్లు ఎక్కే స్టడ్ల మొదళ్ల చుట్టూ ఉండే ఇరుకు వలయాలను వదలొద్దు, తుప్పు దాక్కునేది అక్కడే. చివరికి బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, తెల్లగుడ్డ రుద్ది చూడండి. గుడ్డకు గోధుమరంగు అంటుతుంటే పని ఇంకా కాలేదు. ఈ దుమ్మును నోటితోనో కంప్రెసర్ గాలితోనో ఊదకండి. పాత ప్యాడ్ల పొడిలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. తడిపి తుడవండి, మాస్కు పెట్టుకోండి.

కొత్త డిస్క్ మీద తుప్పు పట్టకుండా నూనె పూత ఉంటుంది. రెండు ముఖాలూ క్లీనర్‌తో కడిగి, ఆ తర్వాత వేళ్లు తగలకుండా అంచులు పట్టుకుని ఎక్కించండి. ఊగుడు కొలిచే డయల్ గేజ్ దొరికితే డిస్క్‌ను వీల్ నట్లతో బిగించి, అంచుకు 10 మిల్లీమీటర్ల లోపల ఆనించి, ఒక చుట్టు తిప్పి చూడండి. పరిమితి దాటితే డిస్క్‌ను ఒక స్టడ్ జరిపి మళ్లీ వేయండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

పిన్నులు, పిస్టన్, ప్యాడ్లు

బ్రాకెట్‌లోని రెండు జారే పిన్నులను లాగి, పాత గ్రీజు మొత్తం తుడవండి. కొన్ని కార్లలో రెండూ ఒకేలా ఉండవు, ఒకదాని కొసకు రబ్బరు బుష్ ఉంటుంది. ఏది పైది, ఏది కిందిదో గుర్తుపెట్టుకోండి. సిలికాన్ గ్రీజు పలచని పూతగా చాలు. ఎక్కువైతే కన్నం అడుగున గాలి చిక్కి, పిన్ను నొక్కినా బయటికి తోసుకొస్తుంది. రబ్బరు బూటు చిరిగి ఉంటే మార్చాలి, నీళ్లు దిగి పిన్ను పట్టేస్తుంది.

పాత క్లిప్పులు పీకి, వాటి కింది తుప్పు గీకి, కొత్తవి నొక్కండి. ఇప్పుడు ప్యాడ్ వేలితో తోస్తే జారాలి. సుత్తి అవసరమైందంటే గాడిలో ఇంకా తుప్పు ఉంది, లేదా ప్యాడ్ చెవికి (గాడిలో కూర్చునే కొసకు) పెయింటు మందంగా ఉంది. అరుగుదల చెప్పే సన్నటి రేకు పాతదానికి ఏ వైపు ఉందో కొత్తదానికీ ఆ వైపే రావాలి. గ్రీజు చెవులకు మాత్రమే చిటికెడు. రాపిడి ముఖానికి గ్రీజు అంటితే ఆ ప్యాడ్ పారేయండి.

పిస్టన్ ముఖాన పాత ప్యాడ్ పెట్టి, సి-క్లాంపుతో నెమ్మదిగా లోపలికి నొక్కండి. నూనె డబ్బా మట్టం చూస్తూ నొక్కాలి. మొరాయించి, మధ్యలో ఆగిపోతే బలం పెట్టకండి. పిస్టన్‌కు తుప్పు పట్టి ఉంటుంది, క్యాలిపర్ సీల్ కిట్ వేయాల్సిందే.

బిగింపులకు మీ కారు మాన్యువల్ అంకెలే ప్రమాణం. ఈ తరహా కార్లలో సాధారణంగా క్యాలిపర్ పిన్ బోల్టులు 20 నుంచి 35, బ్రాకెట్ బోల్టులు 80 నుంచి 110, వీల్ నట్లు 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటాయి. వీల్ నట్లను ఎదురెదురు వరుసలో రెండు విడతలుగా బిగించండి. ఇష్టమొచ్చినట్టు బిగిస్తే అంత కష్టపడి చదును చేసిన డిస్క్ మళ్లీ ఒరుగుతుంది.

కదిలే ముందు

రెండు పక్కలూ అయ్యాక, ఇంజన్ స్టార్ట్ చేయకముందే పెడల్‌ను కొంచెం కొంచెంగా తొక్కుతూ గట్టిపడేదాకా పంపు చేయండి. మొదటి కొన్ని తొక్కులకు అది అడుగుదాకా దిగుతుంది. ఈ ఒక్కటి మరిచి రివర్స్ వేస్తే కారు గోడకో మనిషికో తగిలాకే ఆగుతుంది. బ్రేక్ ఆయిల్ మట్టం గీతల మధ్యకు తెచ్చి, మూత బిగించండి. డాట్ 3 వాడాలో డాట్ 4 వాడాలో ఆ మూత మీదే రాసి ఉంటుంది.

ఇక ప్యాడ్, డిస్క్ ఒకదానికొకటి కుదురుకోవాలి. ఖాళీ రోడ్డు మీద 60 వేగం నుంచి 15 దాకా మధ్యస్థంగా బ్రేక్ వేసి తగ్గించండి, అరనిమిషం చల్లారనివ్వండి. ఇలా ఎనిమిది పదిసార్లు. వేడిగా ఉన్నప్పుడు పూర్తిగా ఆపి పెడల్ తొక్కి పట్టుకోవద్దు, ఆ చోట ప్యాడ్ పదార్థం డిస్క్‌కు మచ్చలా అంటుకుంటుంది. మొదటి 200 కిలోమీటర్లు గట్టి బ్రేకులు తప్పించండి. తిరుమల కొండ దిగాలనో అరకు వెళ్లాలనో ఉంటే ఈ పని అంతకు వారం ముందే ముగించుకోండి.

100 కిలోమీటర్ల తర్వాత వీల్ నట్ల బిగింపు మరోసారి రెంచ్‌తో చూడండి. అప్పుడే చక్రాల లోపల నుంచి చేయి పెట్టి, గొట్టం ఎక్కడా రాసుకోవడం లేదని నిర్ధారించుకోండి.

వచ్చే పాఠం బ్రేక్ ఆయిల్ మార్చడం, గాలి తీయడం గురించి. సీలు విప్పని అరలీటరు ఆయిల్, లోపలి వెడల్పు 5 మిల్లీమీటర్లున్న పారదర్శకపు గొట్టం ఒక మీటరు, పెడల్ తొక్కడానికి ఒక మనిషి సిద్ధంగా ఉండాలి.