సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌కి వారంటీ రిపేరు ఇలా చేయించా

గుంటూరు బ్రాడీపేటలో ఒకాయన దగ్గర ల్యాప్‌టాప్ కొని రెండు నెలలు కాలేదు, స్క్రీన్ మీద నిలువు గీతలు మొదలయ్యాయి. మూత కాస్త వెనక్కి వంచితే పోతాయి, వదిలేస్తే మళ్లీ హాజరు. అరండల్‌పేటలో రిపేరు షాపతను చూసి, "డిస్‌ప్లే మార్చాలండీ, ఏడు వేలు" అన్నాడు. గుండె గుభేలుమంది.

అడుగున స్టిక్కర్ మీద సీరియల్ నంబరు సగం అరిగిపోయింది. బయోస్‌లోకి (ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే, విండోస్ రాకముందే తెరిచే సెట్టింగ్స్ పేజీ) వెళితే పూర్తిగా దొరికింది. కంపెనీ సైటులో కొడితే వారంటీ అయిపోయి మూడు వారాలైందట! తీరా చూస్తే, వాళ్లు లెక్కేసింది ఫ్యాక్టరీ నుంచి బయటికెళ్లిన తేదీ నుంచి. షాపులో అమ్మింది ఆ తర్వాత రెండు నెలలకి.

అమ్మినాయన పాత బిల్లు వెతికి వాట్సాప్‌లో పంపాడు, పుణ్యాత్ముడు. అది అప్‌లోడ్ చేశాక తేదీ సరిచేశారు.

డేటా కాపీ చేసుకుని విజయవాడలో సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లా. "బిల్లు మీ పేరున లేదు కదండీ" అంది కౌంటర్లో అమ్మాయి. మీ దగ్గర వారంటీ సీరియల్ నంబరుకే కదమ్మా అని వాళ్ల సైటులో పేజీ చూపించా. రిపేరుకి తీసుకున్నట్టు వాళ్లు రాసిచ్చే జాబ్ షీట్‌లో 'బయట దెబ్బల్లేవు' అని పట్టుబట్టి రాయించుకున్నా. పగిలిందంటే వారంటీ వర్తించదు.

నాలుగో రోజు ఫోనొచ్చింది. పోయింది డిస్‌ప్లే కాదు, దాని కేబులు. బిల్లు సున్నా.