పిల్లి ఎదగట్లేదా? ముందు పళ్ళు, తర్వాత కాటా

పర్లాకిమిడి బజారులో మాది కిరాణా కొట్టు. బియ్యం బస్తాలున్న చోట ఎలకలు, ఎలకలున్న చోట పిల్లులు తప్పవు. వీధి పిల్లికూనల్ని తెచ్చి పెంచడం మా నాన్న కాలం నుంచీ ఉంది. అందుకే పాతపట్నం వైపు నుంచి సరుకులకి వచ్చేవాళ్ళు కూడా అడుగుతుంటారు: "మావా, మా పిల్లి తెచ్చి ఏడాదవుతోంది, ఇంకా కూనలాగే ఉంది, ఏటి పెట్టమంటావు?"

పెట్టేది తర్వాత. ముందు వయసు తేల్చండి. ఇచ్చినవాళ్ళు "రెండు నెలలది" అని చెప్పేస్తారు గానీ, వీధిలో దొరికినదాని పుట్టినరోజు ఎవరికి తెలుసు? పిల్లి నిద్రమత్తులో ఉన్నప్పుడు పై పెదవి మెల్లగా ఎత్తి చూడండి. ముందరి పాలపళ్ళు మూడు, నాలుగు వారాలకు వస్తాయి. నాలుగో నెల దగ్గర రాలడం మొదలై, 6, 7 నెలలకల్లా కోరలతో సహా శాశ్వత పళ్ళు వచ్చేస్తాయి. ఇంకా పాలపళ్ళే ఉంటే అది చంటిది, కంగారు అక్కర్లేదు. పళ్ళన్నీ మారిపోతే ఎదగాల్సింది చాలావరకు ఎదిగేసినట్టే. ఆడపిల్లి ఎదుగుదల ఏడాదికి ఇంచుమించు ఆగిపోతుంది. మగపిల్లికి ఇంకొన్ని నెలలు కండ పడుతుంది.

తర్వాత కాటా. పుట్టిన కూన సుమారు 100 గ్రాములుంటుంది. మొదటి నాలుగైదు నెలలు నెలకి దాదాపు 450 గ్రాముల చొప్పున పెరగాలి. ఎనిమిది వారాలకి కిలోకి కాస్త తక్కువ తూగుతుంది. ఖాళీ అట్టపెట్టె కాటా మీద పెట్టి, సున్నా చేసి, పిల్లిని అందులో కూర్చోబెట్టండి. వారానికోసారి తూచి గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. ఎంత ఉంది అన్నదానికంటే ఎంత పెరుగుతోంది అన్నదే ముఖ్యం. పెద్దయ్యాక మన నాటు ఆడపిల్లి రెండున్నర కిలోలే ఉన్నా, మెరిసే బొచ్చుతో చలాకీగా గెంతుతుంటే దాని మానాన దాన్ని వదిలేయండి. తల్లి పొట్టిదైతే కూతురూ పొట్టిదే కావచ్చు. ఒక ఈతలోని పిల్లలకి తండ్రులు వేరువేరు కావచ్చు కాబట్టి, తోబుట్టువు లావుగా ఉందని పోల్చుకోనూ వద్దు.

బరువు వారాల తరబడి కదలకపోతే మాత్రం పొట్ట చూడండి. నడుము ఎముకలు తగులుతూ, పొట్ట మాత్రం ఉబ్బి ఉంటే ఎక్కువసార్లు కారణం ఏలికపాములే. తల్లికి ఉంటే పాలతోనే పిల్లలకి వచ్చేస్తాయి. వాంతిలోనో విరేచనంలోనో ఉడికించిన సేమ్యాలా కనిపిస్తాయి. కనిపించకపోతే లేవని కాదు. పశువుల డాక్టరు బరువుని బట్టి మందు ఇస్తారు, అందుకే మీ క్యాలెండర్ లెక్క పట్టుకెళ్ళండి. ఒక్క డోసుతో సరిపెట్టకండి. కండరాల్లో, కాలేయంలో తిరిగే చిన్న పురుగులకి ఆ మందు అందదు కాబట్టి రెండు వారాలకి మళ్ళీ వేయాలి. మందు వేసినా విరేచనం పలచగానే ఉంటే మలం పరీక్ష చేయించండి. కంటికి కనపడని కోక్సిడియా, గియార్డియా అనే జీవులు ఉంటాయి, వాటికి మందులు వేరు.

చిగుళ్ళు పాలిపోయి, బొచ్చులో నల్లటి పురుగులు గెంతుతుంటే అవి రక్తం తాగేస్తున్నట్టు. వాటిని చంపడానికని కుక్కలకి వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి రాస్తే పిల్లే చచ్చిపోవచ్చు. జ్వరమని పారాసెటమాల్ వేసినా అంతే.

ఇక తిండి. మనవాళ్ళు పాలన్నం, పెరుగన్నం పెట్టి "అన్నీ తింటోంది" అని మురిసిపోతారు. పిల్లి మాంసం తినే జంతువు. టారిన్ అనే పదార్థం దానికి మాంసం, చేపల్లోంచే రావాలి. అది కరువైతే ఎదుగుదల మందగిస్తుంది, కళ్ళూ గుండే దెబ్బతింటాయి. ఆవుపాలు చాలా పిల్లులకి పడవు, విరేచనాలవుతాయి. ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, ముళ్ళు తీసి ఉడికించిన చేప పెట్టండి. ఎండు చేపలైతే నానబెట్టి ఉప్పు వదిలించండి. వట్టి మాంసం ముక్కలే పెడితే కాల్షియం చాలదు, రోజూ లివరే పెడితే ఎ విటమిన్ మితిమీరుతుంది. చేతిలో డబ్బుంటే పిల్లికూనల కోసం చేసిన ప్యాకెట్ తిండి కలపండి. చిన్నదానికి రోజుకి మూడు నాలుగుసార్లు పెట్టాలి.

పిల్లి నాలుగైదు నెలలకే ఎదకి రావచ్చు. కడుపుతో ఉంటే తిన్నదంతా పిల్లలకే పోతుంది, తన ఒళ్ళు పెరగదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే గిడసబారిపోతుందని భయపెడతారు. అది తప్పు. తొందరగా చేయించిన పిల్లికి కాళ్ళ ఎముకలు కాస్త పొడుగే అవుతాయి.

ఏలికపాముల మందు వేసి, మంచి తిండి పెట్టినా ఎదగకపోతే రక్తపరీక్ష అవసరం. తిన్నాక చొంగ కార్చడం, తూలడం, ఫిట్స్ రావడం, కళ్ళు రాగి రంగుకి తిరగడం ఉంటే కాలేయానికి వెళ్ళాల్సిన రక్తం పక్కదారి పడుతోందేమో చూడాలి. తల పెద్దది, కాళ్ళు పొట్టి, పాలపళ్ళు ఊడవు, మలబద్ధకం అంటే పుట్టుకతో థైరాయిడ్ లోపం అనుకోవచ్చు, దానికి మాత్రలున్నాయి. ఇలాంటివాటికి మాకు గరివిడి పశువైద్య కళాశాల దారి, లేదంటే భువనేశ్వర్.

మా వైపు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. మహేంద్రగిరి దిక్కు నుంచి ఎవరైనా కూనని తెచ్చిస్తే ఒంటి మీద తుప్పు రంగు మచ్చలు, నుదుటి మీద తెల్ల చారలు ఉన్నాయేమో గమనించండి. తుప్పుమచ్చల అడవి పిల్లి పూర్తిగా ఎదిగినా కిలో, కిలోన్నరే ఉంటుంది. ప్రపంచంలో అతి చిన్న పిల్లుల్లో అదొకటి. ఎంత పెట్టినా పెరగదు, పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. పాలు పట్టకుండా, గంపలో గుడ్డ వేసి ఉంచి, అటవీ శాఖ వాళ్ళకి ఫోన్ చేసి ఎక్కడ దొరికిందో కచ్చితంగా చెప్పండి. తల్లి ఆ చుట్టుపక్కలే వెతుకుతూ ఉండొచ్చు.