బాడుగ ఇల్లు చేజారుతుందన్నప్పుడు: కర్నూలులో ఎవరిని, ఎప్పుడు అడగాలి

ఇల్లు లేకుండా పోవడం సాధారణంగా ఒక్క రోజులో జరిగేది కాదు. రెండు నెలల బాడుగ నిలిచిపోతుంది, యజమాని గొంతు పెరుగుతుంది, ఒక సాయంత్రం పనినుంచి తిరిగొచ్చేసరికి తలుపుకు కొత్త తాళం వేలాడుతుంది. ఆ తాళం పడకముందే కదలడం అన్నివిధాలా మేలు. అయితే తాళం పడిన తర్వాత కూడా చట్టం మీ పక్షాన కొంత దూరం వస్తుంది.

బాకీ పడ్డామన్న సిగ్గుతో చాలామంది తమకున్న హక్కును తామే వదులుకుంటారు. బాకీ బాకీయే, దాన్ని యజమాని వసూలు చేసుకోవచ్చు. కానీ బాకీ ఉన్నంత మాత్రాన సామాన్లు బయట పడవేయడానికిగాని, నీళ్లు, కరెంటు ఆపి పొగబెట్టడానికిగాని అతనికి అధికారం లేదు. ఒప్పందపత్రం లేని నెలవారీ బాడుగను ముగించాలంటే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ గడువు ముగిశాక కూడా మీరు ఖాళీ చేయకపోతే అతడు చట్టప్రకారం విచారణ జరిపే అధికారి వద్దకో కోర్టుకో వెళ్లాలి తప్ప మనుషులను వెంటబెట్టుకుని రాకూడదు. బలవంతంగా వెళ్లగొట్టినట్లయితే, 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్న రాదు, మీరు అందులో ఉంటున్నారా, మిమ్మల్ని చట్టవిరుద్ధంగా తీసివేశారా అన్నదే చూస్తారు. ఈ సెక్షన్ ప్రభుత్వం మీద పనిచేయదు.

అందువల్ల మీరు అక్కడే ఉంటున్నారనడానికి రుజువులు ముందుగానే కూడబెట్టుకోవాలి. బాడుగ చేతికిచ్చే అలవాటు మన దగ్గర ఎక్కువ; ఫోన్ ద్వారా పంపితే తేదీ నిలిచిపోతుంది, చేతికిస్తే చిన్న చీటీ మీదనైనా సంతకం తీసుకోండి. కరెంటు బిల్లు, గ్యాస్ పుస్తకం, పిల్లల బడి కాగితాలు కూడా పనికొస్తాయి.

లాయరుకు డబ్బు లేదని ఆగిపోవద్దు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు, విపత్తు బాధితులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. 2009 అక్టోబరులో వరదనీరు ఊరిని ముంచెత్తడం చూసిన కర్నూలువారికి ఆ చివరి మాట ఎందుకుందో విడమరచి చెప్పనక్కర్లేదు. ఫోన్ నంబరు 15100.

గెంటేసింది సొంతవాళ్లే అయితే దారి వేరు. భర్తగాని అత్తమామలుగాని బయటికి పొమ్మంటే, ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ భార్యకు ఇచ్చింది. 181కి ఫోన్ చేస్తే, బాధిత మహిళలకు సాయపడే సఖి కేంద్రం ద్వారా తాత్కాలిక ఆశ్రయం కూడా దొరుకుతుంది. వృద్ధులైన తల్లిదండ్రులను పిల్లలు గెంటేస్తే, వారు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవాలి. పోషిస్తామన్న షరతు మీద ఇల్లు రాయించుకుని, ఆపై గాలికి వదిలేసిన పిల్లల దస్తావేజును 23వ సెక్షన్ కింద రద్దు చేయించవచ్చు. ఆ షరతు దస్తావేజులోనే రాసి ఉంటే వాదన చాలా తేలికవుతుంది కాబట్టి, రిజిస్ట్రేషన్ రోజున మొహమాటపడకండి. వృద్ధుల సహాయవాణి 14567.

గుడిసె తొలగిస్తామని అధికారులు వస్తే, 2024 నవంబరు 13 నాటి సుప్రీంకోర్టు ఆదేశాల ప్రకారం కనీసం 15 రోజుల నోటీసు రిజిస్టర్డు పోస్టులో రావాలి. రోడ్డు, కాలిబాట, రైలు పట్టాల పక్క, నదీ జలాశయాల స్థలాలకు ఈ రక్షణ వర్తించదు. హంద్రీ ఒడ్డున ఉన్నవారు ఇది గమనించాలి. అయినా, కాలిబాట మీద బతికేవారి మాట కూడా వినకుండా తీసేయడం సాధారణంగా తగదని అదే కోర్టు 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో చెప్పింది.

ఈ రాత్రికే తలదాచుకోవాలంటే నగరపాలక సంస్థలోని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన) విభాగాన్ని అడగండి. జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు లక్ష జనాభాకు వంద మంది పట్టే నిరాశ్రయుల వసతి గృహం ఒకటి, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండాలన్నాయి. చిరునామా లేకపోయినా ఓటు పోదు: ఓటరు నమోదుకు ఫారం 6 ఇస్తే, మీరు నిద్రించే చోటికి బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి నిర్ధారిస్తారు.

సొంతింటి అర్జీ వార్డు సచివాలయంలో ఇవ్వాలి. కేంద్రం ఇళ్ల పథకమైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పట్టణ)కు కుటుంబ వార్షికాదాయం మూడు లక్షల లోపు ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేకపోతే పేదల కోటాలో అర్హత వస్తుంది. పట్టా ఇప్పిస్తానని డబ్బడిగే దళారిని దగ్గరికి రానివ్వకండి. అర్జీ ఇచ్చాక రసీదు నంబరు తప్పక తీసుకోండి. నెలలు గడిచినా కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అడిగేది ఆ నంబరునే.