బండి మునగక ముందే పాలసీ కాగితం తీసి చూడండి

2024 సెప్టెంబరు 1, ఆదివారం. తెల్లారేసరికి విజయవాడ సింగ్‌నగర్‌లో మా వీధి మొదట్లో నీళ్లు కనిపించాయి. ముందు రోజంతా కురిసిన వాన నీళ్లే కదా, మధ్యాహ్నానికి లాగేస్తాయిలే అనుకున్నాం. బుడమేరు డైవర్షన్ కాలువకు గండ్లు పడ్డాయన్న సంగతి చెవిన పడేలోపే నీళ్లు గేటు దాటి వరండాలోకి వచ్చేశాయి. పిల్లల్ని, అమ్మ మందుల్ని, గ్యాస్ బండని మేడ మీదికి చేర్చి వెనక్కి తిరిగి చూస్తే కింద నా స్కూటరూ, తమ్ముడి బైకూ సీటు దాకా మునిగిపోయి ఉన్నాయి. మళ్లీ వాటి దగ్గరికి వెళ్లడానికి రోజులు పట్టింది.

నీళ్లు తీశాక కూడా తమ్ముడు ధైర్యంగానే ఉన్నాడు. "2021లో బండి కొన్నప్పుడే అయిదేళ్ల ఇన్సూరెన్స్ కట్టేశాం కదన్నయ్యా, వాళ్లే చూసుకుంటారు" అన్నాడు. కాగితం తీసి చూస్తే అందులో రెండు గడువులు వేరువేరుగా ఉన్నాయి. థర్డ్ పార్టీ ఎదురుగా 2026 దాకా. ఓన్ డ్యామేజ్, అంటే మన బండికే జరిగే నష్టం, దాని ఎదురుగా 2022తోనే సరి. వరద నష్టం వచ్చేది ఈ రెండోదాని కిందే. అది పోయి రెండేళ్లయిందని ఇంట్లో ఎవరికీ తెలియదు. రిపేరు డబ్బంతా చేతి నుంచే పెట్టుకున్నాం. వరద తర్వాత ప్రభుత్వం ద్విచక్ర వాహనాలకు ప్రకటించిన సాయం 3,000 రూపాయలు. ఆ పూటకు అదీ ఆసరాయే, కానీ ఇంజిన్ విప్పిన బండికి అది ఏ మూలకు?

అందుకే వానాకాలం జాగ్రత్తలంటే నేను టార్పాలిన్ కంటే ముందు ఆ కాగితం సంగతి చెబుతాను. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బైకులకు, స్కూటర్లకు అయిదేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి అయింది. షోరూములో దానికి ఒక ఏడాది ఓన్ డ్యామేజ్ కలిపి ఇవ్వడం మామూలు. మనకేమో "అయిదేళ్లు" అన్న మాటే గుర్తుండిపోతుంది. థర్డ్ పార్టీ అనేది మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి. మన బండి మునిగినా, కొట్టుకుపోయినా, దాని మీద చెట్టు పడినా పైసా రాదు. మీ పాలసీలో ఓన్ డ్యామేజ్ తేదీ దాటిపోయి ఉంటే కంగారు పడక్కర్లేదు. 2019 సెప్టెంబరు నుంచి ఓన్ డ్యామేజ్ ఒక్కటీ విడిగా ఇస్తున్నారు. థర్డ్ పార్టీ ఉన్న కంపెనీలోనే తీసుకోవాలనీ లేదు. అయితే మధ్యలో గడువు తప్పిన బండిని కంపెనీ ఒకసారి తనిఖీ చేసుకోవచ్చు, ఫొటోలనో వీడియోనో అడగొచ్చు. వాకిట్లోకి నీళ్లొచ్చాక ఆ పని అవదు. రోహిణి కార్తె ఎండల్లోనే ముగించుకోవాల్సిన పని ఇది. అప్పుడు కుదరకపోయినా, అక్టోబరు, నవంబరు తుపాన్లు మన కోస్తాకు కొత్త కాదు గనక ఆగస్టులో చేసుకున్నా మేలే.

తీసుకునేటప్పుడు మూడు మాటలు అడగండి. మొదటిది ఐడీవీ, అంటే బండికి కంపెనీ కట్టిన విలువ. ప్రీమియం నాలుగు రూపాయలు తగ్గుతుందని దాన్ని తగ్గించనివ్వకండి. బండి పూర్తిగా పోతే చేతికొచ్చేది ఆ లెక్క మీదే. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే ఇక బండి పోయినట్టే లెక్కగడతారు. అప్పు మీద కొన్న బండయితే ఆ డబ్బు ముందు ఫైనాన్స్ వాళ్లకు వెళుతుంది. రెండోది జీరో డెప్, అంటే మార్చిన భాగాల ధరలో అరుగుదల కింద కోత పెట్టకుండా ఉండే అదనపు కవర్. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు, బ్యాటరీకి, టైర్లకు సగం ధరే ఇస్తారు. స్కూటర్ అంటేనే పైనంతా ప్లాస్టిక్ కదా, కొత్త స్కూటర్‌కి ఇది ఉండి తీరాలని నా అభిప్రాయం. మూడోది ఇంజిన్ ప్రొటెక్ట్. మామూలు ఓన్ డ్యామేజ్‌లో వరద ఉన్నా, నీళ్లు చేరిన ఇంజిన్‌ని స్టార్ట్ చేయడం వల్ల లోపల విరిగితే అది మీ చేతులారా చేసుకున్నదని క్లెయిమ్ కొట్టేస్తారు. ఆ భారానికి ఈ అదనపు కవర్ పనికొస్తుంది. మీ మోడల్‌కి ఇస్తారో లేదో అడిగి తెలుసుకోండి.

సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు ఇంకొకటి చూడాలి. ఆర్సీ మీ పేరు మీదికి మారినంత మాత్రాన ఓన్ డ్యామేజ్ మారదు. పేరు మార్చిన 14 రోజుల్లోపు కంపెనీకి రాసి పాలసీ కూడా మార్పించుకోవాలి. అది పాత యజమాని పేరునే ఉంటే క్లెయిమ్ దగ్గర చిక్కు తప్పదు.

ఇక బండి నిలిపే చోటు. అపార్టుమెంటు సెల్లార్ వానాకాలంలో అన్నిటికంటే చెడ్డ చోటు. వీధిలో మోకాలి లోతు నీళ్లుంటే సెల్లార్‌లో నిలువెత్తు ఉంటాయి. భారీ వర్షమని హెచ్చరిక రాగానే బండిని పైకి తెచ్చి ఎత్తున్న రోడ్డు మీదో, తెలిసినవాళ్ల ఎత్తు వాకిట్లోనో పెట్టండి. నీళ్లు చేరిన తర్వాత మాత్రం బండి కోసం సెల్లార్‌లోకి దిగొద్దు. మీటరు బోర్డులు, మోటారు స్విచ్చులు అక్కడే ఉంటాయి. ఆ నీళ్లలో కరెంటు ఉందో లేదో కంటికి కనపడదు. ఎంత ఖరీదైన బండైనా సరే, దిగొద్దు.

సొంత ఇల్లయితే ఒక గట్టి చెక్క పలక దగ్గర పెట్టుకోండి. మేం వరద తర్వాత చేసిన మొదటి పని అదే. అరుగు మీదికి పలక వాల్చి, ఇంజిన్ ఆపి, ఒకరు హ్యాండిల్, బ్రేకు పట్టుకుంటే ఇద్దరు వెనక నుంచి నెడితే బండి పైకెక్కుతుంది. ఎక్కించలేకపోతే మెయిన్ స్టాండ్ వేసి, ఇంటి స్తంభానికి తాడుతో కట్టండి. కరెంటు స్తంభానికి వద్దు. నీళ్లలో బండి తేలి పక్కబండ్ల మీద పడటం మా వీధిలోనే చూశాను. బ్యాటరీ తీయడం తెలిస్తే ముందు నెగిటివ్ వైరు, తర్వాత పాజిటివ్ వైరు విప్పి బ్యాటరీని మేడ మీదికి తీసుకెళ్లండి. సైలెన్సర్ మూతికి పాలిథిన్ కవరు చుట్టి టేపు వేయొచ్చు. రోజుల తరబడి మునిగితే అది ఆపలేదు గానీ బురద, చెత్త లోపలికి పోకుండా కొంత కాస్తుంది. కట్టిన సంగతి మర్చిపోకుండా తాళంచెవికి ఒక చీటీ కట్టుకోండి.

నీళ్లున్న రోడ్డు మీద వెళ్లక తప్పదా? సైలెన్సర్ మునగడం కంటే ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఎయిర్ ఫిల్టర్ మునగడం ప్రమాదం. చాలా స్కూటర్లకు ఆ డబ్బా వెనక చక్రం పక్కనే, కిందుగా ఉంటుంది. అందుకే బైకు దాటిన నీళ్లలో స్కూటర్ ఆగిపోతుంది. మధ్యలో ఆగిపోతే దిగి నెట్టుకుంటూ రండి. సెల్ఫ్ కొట్టొద్దు, కిక్ కొట్టొద్దు. గాలి అయితే నొక్కితే కుదించుకుంటుంది, నీళ్లు కుదించుకోవు. సిలిండర్‌లో నీళ్లుండగా పిస్టన్ పైకి వస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వందల్లో పోయే పని ఆ ఒక్క సెల్ఫ్‌తో వేలల్లోకి వెళుతుంది.

మునిగిన బండి బయటపడ్డాక కూడా మొదట చేయాల్సింది కడగడం కాదు. ఫొటోలు తీయండి. నంబరు ప్లేటు, గోడ మీద నీటి మరక, బండి నిలిచిన చోటు అన్నీ కనపడాలి. తర్వాత పాలసీ మీదున్న నంబరుకు ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. నష్టం లెక్కకట్టడానికి కంపెనీ పంపే సర్వేయర్ చూడక ముందే బండి విప్పించకండి. వాళ్లు ఆలస్యం చేస్తుంటే బురద ఎండి గట్టిపడుతోందని రాసి పంపి, పైపైన కడుక్కోవడానికి అనుమతి తీసుకోండి. బండి తరలించిన ఆటోకి రసీదు అడగండి.

మా వీధి మెకానిక్ తమ్ముడి బండి కింద పళ్లెం పెట్టి డ్రెయిన్ బోల్టు విప్పాడు. ముందు కాసిని నీళ్లు, ఆ వెనకే పాలు ఎక్కువైన టీ రంగులో చిక్కటి ద్రవం. అది ఇంజిన్ ఆయిలే. "ఈ రంగుంటే ఒకసారి ఆయిల్ మారిస్తే చాలదన్నా, కొత్తది పోసి కాసేపు తిప్పి మళ్లీ తీసెయ్యాలి" అన్నాడు. ప్లగ్గు విప్పి కిక్ కొడితే ఆ రంధ్రంలోంచి నీళ్లు చిమ్మాయి. పెట్రోల్ ట్యాంకు కూడా పూర్తిగా దింపించాడు. ఇప్పుడు పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటోంది, అది నీటిని పీల్చుకుంటుంది, పైపైన చూస్తే తెలియదు. ఫిల్టరు మార్చడం, స్కూటర్‌కి బెల్టు డబ్బా విప్పి ఆరబెట్టడం, బ్రేకు డ్రమ్ముల్లో బురద తీయడం కూడా అప్పుడే చేయించాలి. అందరూ మరిచేవి చక్రాల బేరింగులు. గ్రీజు పోయిన బేరింగు ఆ రోజు బాగానే తిరుగుతుంది, తర్వాత తుప్పు పట్టి గరగరలాడుతుంది.

ఎలక్ట్రిక్ స్కూటర్‌ని మాత్రం ఇంట్లో ఎవరూ ముట్టుకోవద్దు. ఐపీ67 అని రాసి ఉంటే దాని లెక్క ఒక మీటరు లోతులో అరగంట వరకే, రోజుల వరదకు కాదు. ఛార్జింగ్ పెట్టకండి, ఇంట్లోకి తేకండి. తడిసిన లిథియం బ్యాటరీ ఆరినట్టు కనిపించాక కూడా అంటుకోవచ్చు. ఇంటికీ పక్క బండ్లకీ దూరంగా ఉంచి సర్వీసు వాళ్లనే రమ్మనండి.

క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుందని వెనకాడేవాళ్లున్నారు. బైకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఆ తగ్గింపు ఎంతో లెక్క వేసుకోండి. ఇంజిన్ పనికి అయ్యే ఖర్చు ముందు అది చాలా చిన్నది. అకారణంగా కాదన్నారనిపిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రెండు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. అక్కడ చూసేది కాగితాలే గనక సర్వేయర్ వచ్చిన తేదీ, చెప్పిన మాట ఆ రోజే రాసి పెట్టుకోండి.