స్విచ్‌లో డీహెచ్‌సీపీ ఆన్ చేసే ముందు

సిస్కో కేటలిస్ట్ స్విచ్‌లో డీహెచ్‌సీపీ (సిస్టమ్‌లకి ఐపీ అడ్రస్‌లు దానంతటదే పంచే ఏర్పాటు) పెట్టడం నాలుగైదు కమాండ్ల పని, అందుకే చాలామంది ఆఫీసు నడుస్తుండగానే పెట్టేస్తారు, అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలవుతుంది. సాయంత్రం అందరూ వెళ్లాక చేయండి, శుక్రవారం మాత్రం వద్దు.

ముందు ఆ వీల్యాన్‌లో (స్విచ్‌లో విడిగా చేసిన నెట్‌వర్క్ భాగంలో) ఇప్పటికే ఐపీలు పంచుతున్నది ఇంకేదైనా ఉందేమో చూసుకోండి. ల్యాప్‌టాప్ తగిలించి ఐపీకాన్ఫిగ్ /ఆల్ కొడితే ఏ సర్వర్ ఇచ్చిందో కనిపిస్తుంది. వైఫై సరిగ్గా రావట్లేదని ఎవరో ఇంటి నుంచి తెచ్చి గోడ పోర్టుకి పెట్టిన రౌటర్ కూడా అయ్యుండొచ్చు. ఇద్దరు పంచితే మామూలుగా ముందు జవాబిచ్చినవాడిదే ఖాయం, సగం మందికి నెట్ వస్తుంది సగం మందికి రాదు, కారణం దొరకదు.

పూల్ (పంచాల్సిన ఐపీల వరుస) రాయడానికి ముందే ఎక్స్‌క్లూడెడ్-అడ్రస్ (పంచకూడని ఐపీల జాబితా) రాయాలి. గేట్‌వే (బయటి నెట్‌వర్క్‌కి దారి), ప్రింటర్లు, సీసీ కెమెరాలు, బయోమెట్రిక్ మెషిన్, ఇలా చేత్తో ఐపీ ఇచ్చినవన్నీ అందులోకి వెళ్లాలి. ఐపీ ఇచ్చే ముందు స్విచ్ రెండుసార్లు పింగ్ చేసి (అది ఎవరైనా వాడుతున్నారా అని పలకరించి) చూస్తుంది కదా అని ధీమాగా ఉండకండి, ఆ టైమ్‌కి ప్రింటర్ ఆఫ్‌లో ఉంటే జవాబు రాదు, దాని ఐపీ వేరేవాళ్లకి పోతుంది, పొద్దున ప్రింటర్ ఆన్ చేయగానే గొడవ.

లీజు (ఇచ్చిన ఐపీ ఒకరి దగ్గర ఉండే గడువు) మామూలుగా 1 రోజు ఉంటుంది, ఆఫీసుకి చాలు. గెస్ట్ వైఫైకి మాత్రం రెండు మూడు గంటలకు తగ్గించండి, /24 నెట్‌వర్క్‌లో వాడుకోగల ఐపీలే 254.

డీహెచ్‌సీపీ స్నూపింగ్ (దొంగ డీహెచ్‌సీపీ సర్వర్లను ఆపే కాపలా) కూడా పెడుతున్నారా? అది ఆన్ చేసిన వీల్యాన్‌లో పోర్టులన్నీ అన్‌ట్రస్టెడ్ అయిపోతాయి, అంటే వాటి గుండా వచ్చే సర్వర్ జవాబులను స్విచ్ ఆపేస్తుంది. సర్వర్ వైపు వెళ్లే అప్‌లింక్ పోర్టుని ట్రస్ట్ చేయకపోతే కొత్త సిస్టమ్‌లకి 169.254తో మొదలయ్యే ఐపీ (సర్వర్ దొరక్క సిస్టమ్ తనే పెట్టుకునేది) వస్తుంది, పాతవి మాత్రం లీజు అయిపోయేదాకా బాగానే తిరుగుతాయి కాబట్టి తప్పు వెంటనే బయటపడదు. ట్రస్ట్ చేశాక కూడా ఐపీ రాకపోతే, కింది స్విచ్ ఆప్షన్ 82 (అడిగిన సిస్టమ్ ఏ పోర్టులో ఉందో చెప్పే సమాచారం) జోడించి పంపుతోందని, పై స్విచ్ దాన్ని పారేస్తోందని అనుమానించండి. కింది స్విచ్‌లో నో ఐపీ డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఇన్ఫర్మేషన్ ఆప్షన్ కొడితే సరిపోతుంది.

దూరం నుంచి చేస్తుంటే మొదట రీలోడ్ ఇన్ 10 (పది నిమిషాల తర్వాత స్విచ్ రీస్టార్ట్ కావాలనే కమాండ్) పెట్టుకోండి, సేవ్ చేయాలా అంటే నో చెప్పండి. కనెక్షన్ తెగిపోయినా పది నిమిషాల తర్వాత స్విచ్ రీస్టార్టై పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే రీలోడ్ క్యాన్సిల్ కొట్టి, అప్పుడు రైట్ మెమరీ కొట్టి సేవ్ చేయండి.