డయాఫ్రం పంపు పాఠాలు – 4: మఫ్లర్ ముందు తెల్లగుడ్డ

పోయిన పాఠంలో పంపు విప్పి బాల్స్ (బురద వెనక్కి పోకుండా ఆపే గోళీలు), సీట్లు (అవి కూర్చునే రింగులు) చూశాం. ఈసారి రోజూ చేసే పని, తర్వాత పంపును దాచే పద్ధతి. మన పంపు అదే: వరంగల్ దగ్గరి డైయింగ్ యూనిట్‌లో రంగునీళ్ల బురదను ఫిల్టర్ ప్రెస్‌లోకి (బురదలోంచి నీళ్లు పిండే మెషిన్) తోసే, గాలితో నడిచే రెండు డయాఫ్రంల (అటూ ఇటూ ఊగే రబ్బరు పొరల) పంపు.

పొద్దున రాగానే ముందు కంప్రెసర్ దగ్గరికి పోండి. ట్యాంకు అడుగున వాల్వ్ తిప్పి నీళ్లు వదలండి. వానకాలంలో మగ్గుల కొద్దీ వస్తాయి. ఆ తడి ఎయిర్ వాల్వ్‌లోకి (గాలిని ఓసారి ఒక డయాఫ్రంకు, ఓసారి రెండోదానికి పంపేది) పోతే గ్రీజు కొట్టుకుపోయి, అందులో జరిగే కడ్డీ, అంటే స్పూల్, పట్టేస్తుంది.

తర్వాత నడుస్తున్న పంపు మఫ్లర్ (వాడిన గాలి బయటికొచ్చే చోట చప్పుడు తగ్గించేది) ముందు తెల్లగుడ్డ పట్టుకోండి. చల్లటి గాలి తగలాలి, అంతే. నీలం చుక్క పడిందా, డయాఫ్రం చిరిగినట్టే. షిఫ్ట్ అయ్యేదాకా లాగిద్దాం అనుకోవద్దు. బురద ఎయిర్ వాల్వ్‌లోకి చేరితే ఖర్చు రెట్టింపు.

వారానికోసారి గాలి 2 బార్‌కు తగ్గించి, బురద బయటికి పోయే పైపు మీది డెలివరీ వాల్వ్ మూయండి. టక్ టక్ చప్పుడు ఆగిపోవాలి. ఉండుండి ఒక దెబ్బ కొడుతోందంటే ముందు బాల్‌నూ సీటునూ అనుమానించండి. బోల్టులు మాత్రం గాలి కట్టేసి, లోపలి ప్రెషర్ వదిలాకే, ఎదురెదురుగా బిగించాలి.

ఇక దాచడం. ఒకసారి మేడారం జాతరకు యూనిట్ నాలుగు రోజులు మూసి, పంపును కడగకుండా వెళ్లిపోయాం. వచ్చేసరికి బాల్స్ సీట్లకు అతుక్కుని సిమెంటు పోసినట్టున్నాయి. తప్పు నాదే, తాళం వేసింది నేనే. అప్పటి నుంచి నీళ్లు తేటగా వచ్చేదాకా మంచినీళ్లతో నడిపిస్తాను. అయినా బాల్స్ కింద కొంత నీరు నిలుస్తుంది. గాలి పైపు తీసేసి, పంపును తలకిందులు చేస్తేనే అది దిగుతుంది. బరువు పంపైతే చైన్ బ్లాక్ వాడండి, నడుము కాదు.

ఆరాక గాలి పైపు దారితో సహా అన్ని రంధ్రాలూ మూయండి. మా దగ్గర ఓసారి కందిరీగ లోపల మట్టిగూడే కట్టింది. ఎండాకాలం రేకుల కింద, వెల్డింగ్ మెషిన్ పక్కన పెట్టొద్దు. వేడికి, వెల్డింగ్ దగ్గర పుట్టే ఓజోన్ వాయువుకు రబ్బరు బీటలిస్తుంది. స్పేర్ డయాఫ్రంలను మేకుకు తగిలించొద్దు, వంకర పోతాయి.

మళ్లీ తీసిన రోజు బోల్టులు ఇంకోసారి బిగించి, తక్కువ గాలితో మంచినీళ్లు తిప్పి చూడండి. తెల్లగుడ్డ మర్చిపోవద్దు. వచ్చే పాఠంలో ఎయిర్ వాల్వ్ విప్పుదాం.