వంటకం మార్చారా, గంటలూ మార్చండి: కార్తీకం ముందు లాంచీ భోజనాలకు జాగ్రత్తలు

కార్తీకం దగ్గర పడింది. వరద తగ్గి, గోదారి తేటపడి, రాజమహేంద్రవరం వైపు నుంచి పాపికొండలకు లాంచీలు కదిలే రోజులు. దిండిలో హౌస్‌బోట్లకు, లంకల్లో వనభోజనాలకు బేరాలు కుదిరే రోజులు కూడా ఇవే. ఈ కాలంలో జిల్లా పేజీల్లో ఒకే రకం వార్త కనబడుతూ ఉంటుంది: విహారానికి వెళ్లిన బృందం, మధ్యాహ్నం భోజనం, సాయంత్రానికి వాంతులు, విరేచనాలు, ఆస్పత్రి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన తర్వాత, లైఫ్ జాకెట్టు ఉందా, ఎంతమందిని ఎక్కించారు అని జనం అడుగుతున్నారు. అడగాల్సిందే. కానీ డెక్కు మీద ఓ మూల మూతేసి పెట్టిన గుండిగల సంగతి ఎవరూ అడగరు.

చేతులు కడుక్కోండి, జుట్టుకు గుడ్డ కట్టుకోండి అని ఇక్కడ రాయడం లేదు. అవి తెలియని వంట మేస్త్రీ లేడు. రాయాల్సింది ఒకే ఒక్క తప్పు గురించి. వంటలో చెయ్యి తిరిగినవాళ్లు, ఏళ్లుగా పేరున్న కేటరింగ్ వాళ్లు కూడా దీని దగ్గరే దెబ్బతింటారు. మెనూలో వంటకం మారుస్తారు, గంటలు మార్చరు.

అదెలా జరుగుతుందో చూడండి. మెనూలో పులిహోర ఉంది. తెల్లవారుజామున 4 గంటలకు కలిపి, 7 గంటలకు రేవుకు చేర్చి, ఒంటిగంటకు వడ్డిస్తారు. తొమ్మిది గంటలు గడిచినా ఏమీ కాదు. ముందురోజు రాత్రి ఏజెంటు ఫోన్ చేసి, పులిహోర వద్దంటున్నారు, వెజ్ బిర్యానీ పెట్టించండి అంటాడు. మేస్త్రీ సరేనంటాడు. బియ్యం మారుతుంది, మసాలా మారుతుంది, కూరగాయలు వస్తాయి. పొయ్యి మీంచి దింపే టైము మాత్రం అదే 4 గంటలు. ఆ తొమ్మిది గంటలూ పులిహోరను కాపాడింది చింతపండు పులుపు. బిర్యానీకి ఆ కాపలా లేదు. వంటకం మారింది, గంటలు మారలేదు.

పిల్లలు తినరని చింతపండు సగానికి తగ్గిస్తే అది పేరుకే పులిహోర. దాన్ని తెల్లన్నం కిందే లెక్కగట్టండి.

మెనూలో పాత వంటకం కొట్టేసి కొత్తది రాసేటప్పుడే పక్కన నాలుగు ముక్కలు రాయండి: పొయ్యి మీంచి దింపేది ఎన్నింటికి, వేడి నిలిపే పెట్టెలోకి (హాట్‌బాక్సులోకి) ఎత్తేది ఎన్నింటికి, చివరి బంతి లేచేది ఎన్నింటికి, అప్పటిదాకా వేడిగా ఉంచుతారా చల్లగా ఉంచుతారా. లెక్క ఎప్పుడూ చివరి బంతికే కట్టాలి. మొదటి బంతి ఒంటిగంటకు కూర్చుంటే లాంచీ సిబ్బంది తినేసరికి మూడవుతుంది. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి. వండినది 60 కన్నా పైన ఉండాలి, లేదా 5 కన్నా కింద ఉండాలి. ఆ మధ్యలో పడితే నాలుగు గంటలే గడువు. సముద్రంలో తిరిగే పెద్ద క్రూయిజ్ ఓడల వంటశాలలను అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ తనిఖీ చేసేదీ దాదాపు ఈ కొలతలతోనే. అక్కడ వేడి పదార్థం కనీసం 57 డిగ్రీలు, చల్లనిది 5 లోపు ఉండాలి. అలా ఉంచలేక గడియారాన్ని నమ్ముకుంటే నాలుగు గంటలకు పారబోయాల్సిందే. మన లాంచీకి అలాంటి వంటశాల లేదు కాబట్టి మన లెక్క ఇంకా గట్టిగా ఉండాలి. 60 కాదు, 65 పెట్టుకోండి.

అన్నం

వంద మందికి 13, 14 కిలోల బియ్యం పడుతుంది. ఒకే వాయిలో దించేసి, వార్చి, గుడ్డ మీద కుప్ప పోసి, పైన ఇంకో గుడ్డ కప్పుతారు. పైపొర ఆరుతుంది, కుప్ప మధ్య గంటల తరబడి గోరువెచ్చగా ఉండిపోతుంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉంటాయి. ఉడికినా చావవు. గోరువెచ్చని అన్నంలో మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాసన మారదు, రుచి మారదు, జిగురు రాదు. తిన్న గంట నుంచి ఆరు గంటల లోపు వాంతులు మొదలవుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే ‘వడ్డించే ముందు పొగలు కక్కేలా వేడి చేశాం’ అన్నది జవాబు కాదు.

తెల్లన్నమైనా, బిర్యానీ అయినా దింపగానే హాట్‌బాక్సులోకి ఎత్తండి. ఖాళీ పెట్టెలో ముందు మరిగే నీళ్లు పోసి పావుగంట మూతపెట్టి ఉంచి, పారబోసి, తుడిచి అప్పుడు నింపాలి. చల్లటి పెట్టె అన్నం వేడిని తానే లాగేస్తుంది. లోపలికి వెళ్లేటప్పుడు 80 డిగ్రీలకు పైన ఉండాలి. అంచుదాకా నింపాలి, సగం నిండిన పెట్టె త్వరగా చల్లారుతుంది. బంతికో పెట్టె పెట్టుకుంటే, మొదటి బంతికి తీసిన మూత రెండో బంతి అన్నాన్ని చల్లార్చదు. వంటను రెండు వాయిలు చేసి, రెండో వాయిని లాంచీ కదిలే గంట ముందు దింపగలిగితే ఇంకా మంచిది.

పులిహోరకు, దద్దోజనానికి అన్నం ఆరబెట్టాలంటే వెడల్పు పళ్లాల్లో రెండంగుళాల మందం మించకుండా పరిచి ఫ్యాను కింద పెట్టండి. దద్దోజనంతో ఇంకో చిక్కుంది. మధ్యాహ్నానికి పులవకుండా ఉండాలని పాలెక్కువ, పెరుగు తక్కువ వేసి తెల్లవారుజామునే కలిపేస్తారు. అది పాలన్నమే. పెరుగును ఐసు మీద విడిగా తీసుకెళ్లి వడ్డించే ముందు కలపండి.

పప్పు, మాంసం

సాంబారు తీసేసి ముద్దపప్పు పెడతారు. పలచటి సాంబారు మరిగితే గుండిగంతా ఒకే వేడి. చల్లారిన ముద్దపప్పు మళ్లీ కాస్తే పైన పొగలొస్తున్నా నడిమధ్యలో 50 దాటకపోవచ్చు. చిక్కటి పప్పు, మాంసం కూరలు పెద్ద గుండిగలో మెల్లగా చల్లారితే గాలాడని అడుగున క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. దానికి 45 డిగ్రీల అటూ ఇటూ అంటే మహా ఇష్టం. తిన్న ఎనిమిది నుంచి పదహారు గంటలకు కడుపునొప్పి, విరేచనాలు. అప్పటికి యాత్రికులు ఇళ్లకు చేరిపోతారు. మీ దాకా కబురే రాదు, మీరు మర్నాడు కూడా అలాగే వండుతారు.

కోడికూర రాత్రే వండి పెట్టుకోవద్దు. తప్పనిసరైతే, దింపగానే మూడంగుళాల లోతు పళ్లాల్లోకి పంచి, ఐసునీళ్లలో నిలిపి, రెండు గంటల్లో 21 డిగ్రీలకు, ఇంకో నాలుగు గంటల్లో 5 డిగ్రీలకు దించాలి. పొద్దున లోపలి ముక్క దాకా 75 వచ్చేలా కాచి పెట్టెలోకి ఎత్తాలి. చల్లబరిచే ఏర్పాటు లేకపోతే కోడికూర మానేసి కోడిగుడ్లు ఉడికించండి.

కార్తీకంలో కంద బచ్చలి, పనసపొట్టు అడుగుతారు, అడగాలి కూడా. కానీ మామూలు వేపుడు తీసి ఆవపెట్టిన కూర పెడితే ఒక సంగతి మారుతుంది. ఆవ ముద్ద కూర దింపాక కలుస్తుంది, మళ్లీ పొయ్యెక్కదు. అది నూరిన నీళ్లు పచ్చి నీళ్లయితే కూర మొత్తం పచ్చి నీళ్లే. కాచి చల్లార్చిన నీళ్లతో నూరండి.

చేప

బొచ్చె దొరకలేదని వంజరమో కానాగంతలో తెస్తారు. మెనూలో రెండూ ‘చేప వేపుడే’. కానీ ఈ సముద్రపు చేపలు పట్టింది మొదలు ఐసులో లేకపోతే కండలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. వేయించినా, పులుసు పెట్టినా అది పోదు. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడటం, దురద, తలనొప్పి, గుండెదడ. జనం దాన్ని చేప పడలేదు అనుకుంటారు. బొచ్చెకు బదులు సముద్రపు చేప తెస్తే అది రేవు నుంచి మీ పొయ్యి దాకా ఐసులోనే వచ్చిందని తెలియాలి. తెలియకపోతే వద్దు.

రొయ్యలు కొత్తగా మెనూలోకి వస్తే ఎక్కేటప్పుడే అందరికీ వినబడేలా చెప్పండి. రొయ్య పడనివాళ్లకు గోంగూర రొయ్యల గరిటె పప్పులో పడినా చాలు. పులిహోరలో జీడిపప్పుకు బదులు వేరుశనగ వేసినా, నూనె మార్చినా కూడా చెప్పండి. దీక్షలో ఉన్నవాళ్లకు, ఉల్లి వెల్లుల్లి తిననివాళ్లకు విడి గరిటె, విడి పెట్టె. ‘తీసేసి తినండి’ అనే మాట రాకూడదు.

ఇక మిగతావి. వరస లేకపోయినా అన్నీ పాటించాల్సినవే.

రాత్రి 8 దాటాక మెనూ మార్పు ఒప్పుకోవద్దు. ఏజెంటు ఎంత పెద్దవాడైనా సరే.

వంటకం మారిస్తే గంటలు మార్చండి. గంటలు మార్చడానికి వీల్లేకపోతే వంటకం మార్చొద్దు.

ఇడ్లీలోకి కొబ్బరి చట్నీ వద్దు, అల్లం పచ్చడి పెట్టండి. 3 గంటలకు రుబ్బిన కొబ్బరి చట్నీ టిఫిను టైముకే పాడవడం మొదలుపెడుతుంది. మిగిలింది సాయంత్రం బజ్జీల్లోకి తీయడమంటే కావాలని ప్రమాదం తెచ్చుకోవడమే.

సరంగూ, అతని సహాయకుడూ ఒకే గుండిగలోది తినకూడదు. ఒకరు ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకోవాలి. కొండల మధ్య, సుడి దగ్గర, చుక్కాని పట్టుకున్నవాడికి వాంతులు మొదలైతే ఏమవుతుందో ఊహించుకోండి.

చేపల ఐసు మజ్జిగలో వేయొద్దు. రొయ్యల చెరువులకు, చేపల లారీలకు కొట్టే దిమ్మ ఐసు తాగడానికి చేసింది కాదు. సీసాల చుట్టూ పెట్టుకోండి, లోపల వద్దు.

మజ్జిగ, పెరుగు పచ్చడి, కోసిన ఉల్లి కీరా ముక్కలు... పచ్చి నీళ్లు తగిలేవన్నీ కాచిన నీళ్లతోనో, అప్పుడే సీలు తీసిన టిన్ను నీళ్లతోనో. ఆకులు గోదారి నీళ్లలో ముంచి వేయొద్దు.

పొడిచి చూసే థర్మామీటరు కొనండి. మంచు నీళ్లలో 0, మరిగే నీళ్లలో 100 చూపించాలి. మన డెల్టా సముద్రమట్టానికి దగ్గర కాబట్టి కొండ ఊళ్లలోలాగా లెక్క తగ్గించక్కర్లేదు. ఒక గుండిగలోంచి తీసి తుడవకుండా ఇంకోదాంట్లో పెట్టొద్దు.

పెట్టెలో వేడి గంటకోసారి చూడండి. పెట్టె మధ్యలో కాదు, మూలలో.

వేడి వేడిగా పెడదామని లాంచీ మీద నూనె మూకుడు పెట్టొద్దు. మెనూలోకి బజ్జీ వచ్చిందంటే పొయ్యి, సిలిండరు కూడా వచ్చినట్టే. గ్యాసు గాలికన్నా బరువు, కారితే పడవ అడుగున చేరుతుంది. మీకు కనబడదు.

భోజనం ఆలస్యమయ్యే మెనూ అయితే షుగరు మాత్రలు, ఇన్సులిన్ వేసుకునేవాళ్లను ముందే అడిగి 12:30కి వాళ్లకు ఏదో ఒకటి పెట్టండి. వేసుకుని తినకుండా కూర్చుంటే కళ్లు తిరిగి పడిపోతారు.

వేలికి తెగిన గాయం, పుండు ఉన్నవాళ్లు అన్నం కలపకూడదు. అందులోని స్టాఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి వదిలే విషమూ వేడికి పోదు.

మిగిలింది రాత్రి మకాం వాళ్లకు పెట్టొద్దు. ఊళ్లో పంచొద్దు. కుక్కలకూ వేయొద్దు.

ప్రతి వంటకం పావుకిలో, మూతున్న శుభ్రమైన డబ్బాలో, తేదీ టైము రాసి, మూడు రోజులు ఫ్రిజ్‌లో.

బిర్యానీ అడిగారా? దింపేది పొద్దున 4కి కాదు. వంటకం మార్చారు, గంటలు మార్చండి.

ఇంత చేసినా ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వాంతులు మొదలైతే వడ్డన ఆపండి, తినడం మొదలుపెట్టని వాళ్లను కూడా ఆపండి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చిన్న చెంచాతో తలకొట్టి కొలిచి కలిపి, గుక్క గుక్కగా పట్టండి. విరేచనాలు కట్టే మాత్రలు మీరే ఇవ్వొద్దు. కొండల మధ్య చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి లాంచీ వెనక్కి తిప్పి, సిగ్నల్ అందగానే 108కి చేసి, ఏ రేవుకు వస్తున్నారో చెప్పండి. మిగిలిన అన్నం, కూరలు భయపడి గోదాట్లో పారబోయొద్దు. మూతపెట్టి, ఐసులో పెట్టి ఉంచండి. ఏ వంటకం తీసి ఏది పెట్టారో, ఎన్నింటికి దించారో రాసుకున్న కాగితం రేవులో డాక్టరు చేతికి ఇవ్వండి.